సూర్యుడి గాలికి చేట పట్టి...

కల్లంలో కందులు కొట్టడం అయిపోయాక రైతు మొదట చూసేది గాలి కోసం. గుప్పెడు పొట్టు పైకి విసురుతాడు. అది ఎటు కొట్టుకుపోతే గాలి అటు వీస్తున్నట్టు. ఎంత దూరం పోతే అంత జోరుగా ఉన్నట్టు. ఆ తర్వాత చేట ఎత్తి నెమ్మదిగా పోస్తుంటే గింజ కాళ్ల దగ్గరే రాలుతుంది, పొట్టు దూరంగా పోయి పడుతుంది. ఇప్పుడంటే మిషన్లు వచ్చాయి గానీ, కందులకు పేరున్న తాండూరు, వికారాబాద్ పల్లెల్లో పెద్దవాళ్లనడిగితే తూర్పారబట్టడం ఎంత నేర్పున్న పనో చెబుతారు. గాలి కంటికి కనిపించదు. కానీ అది మోసుకుపోయేదాన్ని చూసి దాని దిక్కు, దాని బలం చెప్పేయొచ్చు.

సరిగ్గా ఈ పనినే మనదేశపు వ్యోమనౌక ఒకటి భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన చేస్తోంది. అక్కడ వీచేది మన గాలి కాదు. సూర్యుడి గాలి! శాస్త్రవేత్తలు దానికి పెట్టిన పేరు సౌరపవనం. దాని వేగం మామూలు రోజుల్లోనే సెకనుకు 400 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్‌లో బయల్దేరితే మూడంటే మూడు సెకన్లలో ఢిల్లీలో ఉంటుంది. ఇంత జోరైన గాలి రాత్రీపగలూ మన భూమిని తాకుతూనే ఉన్నా చెట్టు మీద ఆకు కూడా కదలదు. మరి దాన్ని కొలవడమెలా? అసలు కొలవాల్సిన అవసరమేంటి? ఆ కథ పూడూరు నుంచే మొదలుపెట్టొచ్చు.

సముద్రం లేని చోట నౌకాదళం

హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా ఊడల మర్రుల రోడ్డు పట్టుకుని వెళ్తే మన్నెగూడ. అక్కడికి చేరేసరికే వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోకి వచ్చేసినట్టు. ఈ మండలంలోనే ఉంది దామగుండం అడవి. లోపల రామలింగేశ్వరస్వామి గుడి, గుండం. కాస్త దూరంలో మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ అడవికి నౌకాదళం వచ్చింది. 2024 అక్టోబర్ 15న అప్పటి రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఇక్కడ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. సుమారు 2,900 ఎకరాల అడవి భూమిని దీనికోసం ఇచ్చారు. అడవి పోతే మూసీకి నీళ్లెక్కడివి, గుడికి దారేది, పశువుల మేతకు ఎక్కడికి పోవాలి అని స్థానికులూ, పర్యావరణవేత్తలూ ఆందోళనలు చేశారు. దేశ రక్షణకు ఇది తప్పనిసరి అన్నది ప్రభుత్వం మాట.

ఏంటీ వీఎల్‌ఎఫ్? ‘వెరీ లో ఫ్రీక్వెన్సీ’ అన్నదానికి పొట్టి పేరు. మనం రేడియోలో వినే మీడియం వేవ్ తరంగం పొడవు కొన్ని వందల మీటర్లుంటుంది. వీఎల్‌ఎఫ్ తరంగం పొడవు పది నుంచి వంద కిలోమీటర్లు. అంత పొడవాటి తరంగానికే ఉప్పునీటిలోకి కొన్ని మీటర్ల లోతు దాకా దిగే శక్తి ఉంది. నీటి అడుగున దాగిన జలాంతర్గామికి పైకి తేలకుండానే కబురు అందాలంటే ఇదే దారి. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా విజయనారాయణంలో ఇలాంటి కేంద్రం 1990 నుంచి పనిచేస్తోంది. పేరు ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్. దామగుండంలోది దేశంలో రెండోది.

ఈ తరంగాలు వేల కిలోమీటర్లు వెళ్లడానికి ఒక చిత్రమైన ఏర్పాటుంది. కింద నేల, పైన అయనావరణం. అంటే గాలిలోని అణువులు సూర్యకాంతికి చిట్లి విద్యుదావేశం నిండిన పొర. ఈ రెండింటి మధ్య తరంగం సొరంగంలో కేకలా సాగిపోతుంది. ఆ సొరంగానికి పైకప్పు పగలైతే 70 కిలోమీటర్ల ఎత్తున, రాత్రయితే 90 కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని దించేదీ, ఎత్తేదీ సూర్యుడే!

అంటే దామగుండంలో స్తంభాలు లేచి కబుర్లు పంపడం మొదలుపెట్టాక, ఆ కబుర్లు సాగే దారికి పైకప్పు వేసేది సూర్యుడు. ఆయన బుద్ధి ఎప్పుడెలా ఉంటుందో తెలియాలి కదా.

ఇద్దరు కబురుగాళ్లు

సూర్యుడికి కోపమొచ్చిందని చెప్పడానికి ఇద్దరు కబురుగాళ్లున్నారు. ఒకరు వెలుగు. సూర్యుడి మీద జ్వాల ఎగసిందంటే దాని ఎక్స్‌కిరణాలు ఎనిమిది నిమిషాల్లో ఇక్కడుంటాయి. వీఎల్‌ఎఫ్ తరంగాల పైకప్పును పగటిపూట ఉన్నట్టుండి కిందికి దించేది ఇవే. వీటికి ముందస్తు హెచ్చరిక ఉండదు. వార్త తెచ్చేదీ వెలుగే, దెబ్బ కొట్టేదీ వెలుగే.

రెండోది గాలి. దీనికి మామూలుగా మూడు నాలుగు రోజులు పడుతుంది. సూర్యుడు ఒక్కోసారి పెద్ద ముద్దగా తన పదార్థాన్ని విసిరేస్తాడు. అప్పుడు గాలి తుఫానవుతుంది. అది ఒకటి రెండు రోజుల్లోనే వచ్చేయొచ్చు. దామగుండం శంకుస్థాపనకు సరిగ్గా ఐదు రోజుల ముందు, 2024 అక్టోబర్ 10న, అదే జరిగింది. అంతకుముందు రోజు సూర్యుడి మీద ఎగసిన విస్ఫోటం రెండు రోజులు తిరగకముందే భూమిని తాకింది. లద్దాఖ్‌లోని హాన్లేలో రాత్రి ఆకాశం ఎర్రబడింది. తుఫాను బలాన్ని ఐదు మెట్లుగా లెక్కేస్తారు. అది నాలుగో మెట్టు.

ఈ రెండో కబురుగాడు నెమ్మది. అందుకే దారికాచి పట్టుకోవచ్చు. సూర్యుడి గాలిని కొలిచే శాస్త్రమంతా పుట్టింది ఈ ఆశ మీదే.

పొయ్యి మీద పాలు

సూర్యుడి నుంచి ఏదో వీస్తోందని మొదట చాటింది తోకచుక్కలు. తోకచుక్క ఎటు ప్రయాణిస్తున్నా దాని తోక మాత్రం సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది. గుప్పెడు పొట్టు విసిరి గాలి దిక్కు చూసినట్టే ఇది కూడా. 1951లో జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ బియర్మన్, తోకను అంతలా తోయడానికి వెలుగు ఒక్కటే చాలదు, సూర్యుడి నుంచి కణాలు రావాల్సిందేనన్నాడు.

1958లో అమెరికాలో యూజీన్ పార్కర్ అనే 31 ఏళ్ల శాస్త్రవేత్త దానికి లెక్క కట్టాడు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా వేడి పది లక్షల డిగ్రీలు దాటి ఉంటుంది. అంత వేడి వాయువును సూర్యుడి ఆకర్షణ కూడా పట్టి ఉంచలేదు. పొయ్యి మీద పాలు పొంగినట్టు అది అన్ని వైపులా పొంగిపోవాల్సిందే. పొంగిన కొద్దీ వేగం పెరిగి ధ్వని వేగాన్ని దాటిపోతుంది... ఇదీ ఆయన వాదన. పత్రికకు పంపితే పరిశీలించిన ఇద్దరు నిపుణులూ కొట్టిపారేశారు. కానీ ఆ పత్రిక సంపాదకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. తర్వాత 1983లో నోబెల్ అందుకున్న మన శాస్త్రవేత్త. పార్కర్ మాట చంద్రశేఖర్‌కూ రుచించలేదు. అయితే ఆ లెక్కలో తప్పు ఎవరూ చూపించలేదు కదా! తప్పు లేనప్పుడు ఆపే హక్కు తనకు లేదనుకుని అచ్చువేశారు.

రుజువుకు ఎక్కువకాలం పట్టలేదు. 1959లో రష్యా వాళ్ల లూనా వ్యోమనౌకలు భూమి అయస్కాంత క్షేత్రం దాటి వెళ్లి అయాన్ల ప్రవాహాన్ని పసిగట్టాయి. 1962లో శుక్రగ్రహానికి బయల్దేరిన అమెరికా నౌక మారినర్-2 మూడు నెలలకు పైగా దారి పొడవునా కొలుస్తూ వెళ్లింది. ఆ పరికరాన్ని నడిపిన మార్సియా న్యూగెబాయర్, కాన్వే స్నైడర్ చూసిందేమిటంటే, గాలి ఒక్క రోజు కూడా ఆగలేదు. కొన్నాళ్లు సెకనుకు 300 కిలోమీటర్లు, కొన్నాళ్లు 700 పైనే! పార్కర్ గెలిచాడు. ఆయన పేరే పెట్టిన వ్యోమనౌక 2018లో సూర్యుడి వైపు బయల్దేరినప్పుడు 91 ఏళ్ల ఆ పెద్దాయన దగ్గరుండి చూశాడు. 2022లో కన్నుమూశాడు. 2024 డిసెంబర్ 24న ఆ నౌక సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి వెళ్లొచ్చింది. గాలి పుట్టే చోటికే వెళ్లి కొలిచిందన్నమాట.

గిన్నెలో గిన్నె

ఇంత జోరుగా వీచే గాలికి ఆకు ఎందుకు కదలదు? మొదటి కారణం, భూమి అయస్కాంత క్షేత్రం గొడుగులా అడ్డం పట్టడం. సూర్యుడి వైపు సుమారు 65 వేల కిలోమీటర్ల దూరంలోనే గాలి ఆ గొడుగుకు తగిలి పక్కకు జారిపోతుంది. రెండో కారణం, అది మహా పలచన. మనం పీల్చే గాలిలో ఒక్క ఘన సెంటీమీటర్‌కు, అంటే చక్కెర బిళ్లంత చోటుకు, రెండున్నర లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. సూర్యుడి గాలిలో అదే చోట ఉండేవి ఐదో, పదో కణాలు!

అంత పలచని గాలికి మన వాతావరణ కేంద్రాల్లో తిరిగే గాలిమరలాంటివి పనికిరావు. అయితే ఒక సుళువుంది. సూర్యుడి గాలిలోని కణాలన్నీ విద్యుదావేశం ఉన్నవి. ఎక్కువగా ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు. కాస్త హీలియం. ఆవేశం ఉన్నదాన్ని విద్యుత్తుతో వంచొచ్చు. తల దువ్వుకున్న దువ్వెన దగ్గర కాగితం ముక్కలు ఎగిరి అంటుకోవడం పిల్లలందరికీ తెలిసిన ఆటే. ఆ లాగుడే ఇక్కడా పనికొస్తుంది.

అదెలాగంటే... ఒక గిన్నెలో ఇంకొంచెం చిన్న గిన్నె, రెండూ తగలకుండా బోర్లించారనుకోండి. మధ్యలో సన్నని సందు మిగులుతుంది. రెండు గిన్నెలకూ విద్యుత్ పీడనంలో తేడా ఉంచుతారు. సందులోకి దూరిన కణాన్ని ఆ విద్యుత్తు వంచుతుంది. మరీ జోరు మీదున్న కణం వంగలేక బయటి గిన్నెకు గుద్దుకుంటుంది. జోరు లేనిది ఎక్కువ వంగి లోపలి గిన్నెకు తగులుతుంది. సరిపడా జోరున్నదే వంపు తిరిగి అవతలికి చేరుతుంది. అక్కడ కాచుకున్న పళ్లెం మీద వెంట్రుక కంటే సన్నని లక్షల రంధ్రాలుంటాయి. ఒక్క కణం పడితే చాలు, ఆ రంధ్రంలో ఎలక్ట్రాన్ల జల్లు పుట్టి ‘టిక్’ మని లెక్క నమోదవుతుంది. ఇప్పుడు విద్యుత్ పీడనాన్ని మెట్టు మెట్టుగా పెంచుతూ పోవాలి. ఏ మెట్టు దగ్గర ఎన్ని టిక్కులు వచ్చాయో చూస్తే గాలి వేగం, వేడి, చిక్కదనం అన్నీ తేలిపోతాయి. రంధ్రాల సైజు మారుస్తూ పట్టే జల్లెడ అనుకోవచ్చు.

మరి గింజనూ పొట్టునూ వేరు చేయడం? హీలియం కేంద్రకం ప్రోటాన్ కంటే నాలుగింతలు బరువు. ఆవేశం మాత్రం రెండింతలే. కాబట్టి ఒకే వేగంతో వచ్చినా ప్రోటాన్ సులువుగా వంగుతుంది, హీలియం అంత తేలిగ్గా వంగదు. అయస్కాంతం కూడా తోడుపెడితే రెండూ వేర్వేరు చోట్ల పడతాయి. కల్లంలో గింజ ఓ చోట, పొట్టు ఓ చోట పడ్డట్టే!

గుంటూరులో మొదలైన హీలియం

ఈ హీలియం ముచ్చట తెలుగువాళ్లకు పాత చుట్టం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన గడ్డ మీద కనిపించింది. ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త దాన్ని చూడటానికి గుంటూరు వచ్చాడు. మద్రాసు నక్షత్రశాల నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. చంద్రుడు సూర్యుణ్ని పూర్తిగా కప్పిన కొద్ది నిమిషాల్లో అంచుల వెంబడి ఎగసే మంటల కాంతిని రంగులుగా విడదీసి చూశారు. అందులో ఓ పసుపు గీత. సోడియం గీత దగ్గర్లోనే ఉంది గానీ సరిగ్గా అక్కడ లేదని పాగ్సన్ గమనించాడు. మంటల గీతలు ఎంత కాంతిమంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది. మర్నాడే గుంటూరులోనే చూశాడు కూడా. అదే ఏడాది ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ కూడా అదే పని చేసి, ఆ పసుపు గీత భూమ్మీద తెలియని మూలకానిదని తేల్చి, గ్రీకు భాషలో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరు పెట్టాడు. భూమ్మీద హీలియం దొరికింది మాత్రం 1895లో.

అప్పుడు చూపుకే అందిన ఆ హీలియం ఇప్పుడు చేతికి చిక్కినట్టయింది. పైగా అది మంచి గూఢచారి. సూర్యుడి గాలి మామూలుగా వీస్తున్నప్పుడు నూరు కణాల్లో హీలియం నాలుగైదుకు మించదు. పెద్ద విస్ఫోటపు ముద్ద వచ్చి తగిలినప్పుడు ఆ పాలు ఉన్నట్టుండి పెరిగిపోవచ్చు. అంటే చేటలో బరువైన గింజ ఎక్కువ పడుతోందంటే గాలి మారిందని అర్థం. హీలియాన్ని విడిగా లెక్కపెట్టాలని శాస్త్రవేత్తలు పట్టుబట్టేది అందుకే.

శ్రీహరికోట నుంచి కాపలాకు

2023 సెప్టెంబర్ 2, ఉదయం 11 గంటల 50 నిమిషాలు. శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ57 నింగికెగిసింది. దాని మీద ఆదిత్య-ఎల్1. చంద్రయాన్-3 చందమామ మీద దిగి పదిరోజులే అయింది. ఆ ఆనందంలోనే దేశం ఈ ప్రయోగాన్నీ చూసింది. నాలుగు నెలలు ప్రయాణించి 2024 జనవరి 6న ఆదిత్య తన చోటికి చేరింది. ఆ చోటు పేరు ఎల్1. సూర్యుడికీ భూమికీ మధ్య, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. సూర్యుడి లాగుడూ భూమి లాగుడూ అక్కడ కుదురుకోవడంతో నౌక కొద్దిపాటి ఇంధనంతోనే భూమితో పాటే సూర్యుణ్ని చుట్టి వస్తుంది. ఊరి పొలిమేరలో కాపలా గుడిసె వేసుకున్నట్టు!

ఆదిత్యలో ఏడు పరికరాలుంటే నాలుగు సూర్యుణ్ని చూస్తాయి. మిగతా మూడు చూడవు, తమ దగ్గరికి వచ్చినదాన్ని పట్టుకుంటాయి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ తయారుచేసింది యాస్పెక్స్. ఇందులో ‘స్విస్’ అనే భాగం గాలిలోని అయాన్లను లెక్కిస్తుంది, ‘స్టెప్స్’ అనే భాగం వాటి కంటే ఎన్నో రెట్లు జోరైన కణాలను పడుతుంది. తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ లేబొరేటరీ చేసింది పాపా. పేరు చూసి నవ్వుకోనక్కర్లేదు, ఇది ఎలక్ట్రాన్లనూ, అయాన్లనూ విడివిడిగా జల్లెడ పడుతుంది. మూడోది బెంగళూరులో తయారైన అయస్కాంతమాపకం.

నౌక ఇంకా దారిలో ఉండగానే ఇవి పని మొదలుపెట్టాయి. స్టెప్స్ 2023 సెప్టెంబర్ 10నే మేల్కొంది. స్విస్ నవంబర్ 2న. ఆ నెల్లోనే ప్రోటాన్లు ఇన్ని, హీలియం ఇంత అని విడివిడిగా లెక్కతీసి చూపింది. గుంటూరు గ్రహణానికీ ఈ లెక్కకూ మధ్య గడిచింది 155 ఏళ్లు.

అయస్కాంతమాపకం కథ వేరు. అది కొలవాల్సిన అయస్కాంత బలం మన భూమ్మీద ఉన్నదానిలో కొన్ని వేలవంతు. నౌకలోని తీగలూ మోటార్లూ పుట్టించే అయస్కాంతమే దాన్ని ముంచేస్తుంది. రైలింజన్ మీద కూర్చుని కోయిల పాట వినలేం కదా! అందుకే ఆరు మీటర్ల పొడవున్న చేతికి మధ్యలో ఒకటి, చివర ఒకటి అమర్చారు. 132 రోజులు మడిచి ఉంచిన ఆ చేయి 2024 జనవరి 11న కొన్ని సెకన్లలో సాఫీగా చాచుకుంది. రెండింటి కొలతల్లో తేడా చూసి నౌక తాలూకు గోలను తీసేస్తారు. మిగిలిందే సూర్యుడి గాలిది.

ఈ కొలత ఎందుకంత ముఖ్యం? గాలి ఎంత జోరుగా వచ్చినా భూమి గొడుగు తట్టుకుంటుంది. కానీ ఆ గాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం దక్షిణం వైపు తిరిగి ఉంటే మాత్రం గొడుగు చీలుతుంది. ఉత్తరం వైపు ఉంటే పెద్ద తుఫాను కూడా చాలావరకు పక్కనుంచి పోతుంది. తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది ఈ దిక్కు మీదే ఉంది. దాన్ని భూమి నుంచి దుర్భిణితో నమ్మకంగా చెప్పడం నేటికీ కుదరడం లేదు. దారిలో కాచుకున్న పరికరానికి తగిలినప్పుడే తెలుస్తుంది.

చేతికందేది ఒక్క గంట

అలా తెలిసిన తర్వాత మన చేతిలో ఉండే సమయమెంత? ఎవరైనా వేసుకోగల లెక్కే. 15 లక్షల కిలోమీటర్లు, సెకనుకు 400 చొప్పున... గంట దాటి రెండు నిమిషాలు. తుఫాను సెకనుకు 800 కిలోమీటర్ల వేగంతో వస్తే అరగంటే!

అరగంటలో, గంటలో ఏం చేయగలం? చాలానే చేయొచ్చు. ఉపగ్రహాల్లో సున్నితమైన భాగాలను ఆపి ఉంచొచ్చు. ధ్రువాల మీదుగా వెళ్లే విమానాలను దారి మళ్లించొచ్చు. కరెంటు గ్రిడ్ మీద భారం తగ్గించొచ్చు. చేయకపోతే ఏమవుతుందో 1989 మార్చి 13న కెనడా చవిచూసింది. క్యూబెక్ రాష్ట్రంలో రెండు నిమిషాల్లోపే గ్రిడ్ కుప్పకూలింది. 60 లక్షల మంది తొమ్మిది గంటల పాటు చీకట్లో, చలిలో ఉండిపోయారు. 2022 ఫిబ్రవరిలో స్పేస్‌ఎక్స్ సంస్థ పంపిన 49 ఉపగ్రహాల్లో దాదాపు నలభై, తుఫానుకు వేడెక్కి ఉబ్బిన పైవాతావరణంలో చిక్కుకుని రాలిపోయాయి. అది పెద్ద తుఫాను కూడా కాదు.

2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది మాత్రం పెద్దదే. ఐదో మెట్టు. 2003 తర్వాత అంతటిది రాలేదు. ఎల్1 దగ్గర ఆదిత్యలోని యాస్పెక్స్, పాపా రెండూ ఆ గాలి జోరునూ, వేడినీ నమోదు చేశాయి. ఎప్పటినుంచో అక్కడ కాపలా కాస్తున్న ఏస్ లాంటి అమెరికా నౌకలూ నమోదు చేశాయి. ఇన్ని ఎందుకు అనిపించొచ్చు. ఒకే కల్లంలో ఈ మూల గాలి ఆ మూల ఉండదు కదా. లక్షల కిలోమీటర్ల ఎడంలో రెండు మూడు చేటలుంటేనే తుఫాను అసలు ఆకారం తెలుస్తుంది. పైగా ఏస్ వెళ్లింది 1997లో. పాతబడిన కాపలాదారుల స్థానంలోకి 2025 సెప్టెంబర్ 24న అమెరికా మరో నౌకను ప్రత్యేకించి ఈ హెచ్చరికల కోసమే పంపింది.

మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి క్యూబెక్ అంత దెబ్బ మనకు తగలదు. అలాగని ఏమీ తగలదనీ కాదు. హైదరాబాద్ ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐలో 1960ల నుంచి భూమి అయస్కాంత బలాన్ని నమోదు చేస్తున్నారు. చౌటుప్పల్‌లోనూ కేంద్రముంది. సూర్యుడి గాలి తుఫానైన ప్రతిసారీ అక్కడి గీత ఒక్కసారిగా కిందికి దిగుతుంది. అయనావరణం అల్లకల్లోలమై దారి చూపే ఉపగ్రహ సంకేతాలు తడబడతాయి. సెల్‌ఫోన్‌లో దారి చూసుకుంటూ మన్నెగూడ మలుపు తిరిగే బండికి కూడా అందులో వాటా ఉందన్నమాట.

దామగుండం తరంగం ఎంతదూరం?

ఇక్కడ కథ ఓ చుట్టు తిరిగి మళ్లీ పూడూరుకే వస్తుంది. నౌకాదళాలు జలాంతర్గాముల కోసం పంపే వీఎల్‌ఎఫ్ తరంగాలు అన్నీ నీళ్లలోకే పోవు. కొంత పైకప్పు దాటి అంతరిక్షంలోకి కారిపోతాయి. భూమి చుట్టూ జోరైన కణాలు నిండిన వాన్ అలెన్ వలయాలున్నాయి. వాటిని కొలవడానికి 2012లో నాసా పంపిన జంట నౌకల పరికరాలు ఓ సంగతి బయటపెట్టాయి. ప్రపంచంలోని వీఎల్‌ఎఫ్ కేంద్రాల తరంగాలన్నీ కలిసి భూమి చుట్టూ ఓ బుడగలా వ్యాపించాయి! ఆ బుడగ అంచు దాదాపు వలయం లోపలి అంచు దగ్గరే ఉంది. ప్రమాదకరమైన కణాలు ఇంకా కిందికి దిగకుండా ఈ తరంగాలే అడ్డుకుంటున్నాయేమో అని శాస్త్రవేత్తలు 2017లో చెప్పారు. దామగుండం కేంద్రం మొదలయ్యాక అక్కడి తరంగంలో కొంత కూడా ఆ బుడగలో కలుస్తుంది.

ఇంకో ఉపయోగమూ ఉంది. విజయనారాయణం నుంచి వెళ్లే తరంగాలను కోల్‌కతా లాంటి చోట్ల శాస్త్రవేత్తలు ఏళ్లుగా పట్టి చూస్తున్నారు. అందులోని రహస్య సందేశం వాళ్లకక్కర్లేదు. తరంగం బలం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గిందన్నదే కావాలి. దాన్నిబట్టి పైకప్పు ఎప్పుడు దిగిందో, సూర్యుడి మీద జ్వాల ఎప్పుడు లేచిందో చెప్పేస్తారు. తీగచుట్ట ఒకటి, చిన్న యాంప్లిఫయర్ ఒకటి, కంప్యూటర్ ఒకటి ఉంటే చాలు. చాలా దేశాల్లో హైస్కూలు పిల్లలు కూడా ఈ పని చేస్తున్నారు. దామగుండం తరంగాలు మొదలైతే తాండూరు, పరిగి, కొడంగల్ బడిపిల్లలు కాదు గానీ, వందల కిలోమీటర్ల దూరాన ఉన్న బడిపిల్లలు వాటితో సూర్యుడి నాడి పట్టొచ్చు. మరీ దగ్గరుంటే నేల మీదుగా నేరుగా వచ్చే తరంగమే బలంగా ఉండి, పైకప్పు సంగతి సరిగ్గా తెలియదు. మన పిల్లలకేమో విజయనారాయణం తరంగం ఉండనే ఉంది.

అడవిని ఇచ్చిన ఊళ్లకు ఈ సంగతులు తెలియడం న్యాయం. తమ మండలంలో లేచే స్తంభాలు ఎందుకో, వాటి మాట ఏ దారిన పోతుందో, ఆ దారిని పాడుచేసేదేమిటో వాళ్లకు విడమరిచి చెప్పాలి. అడవి మీద బెంగకు అది జవాబు కాదు. ఆ జవాబు చెట్ల రూపంలో, మూసీ నీళ్ల రూపంలో విడిగా రావాల్సిందే.

ఈలోగా ఎల్1 దగ్గర ఆదిత్య తన చేట పట్టుకునే ఉంది. ఐదేళ్లు పనిచేయాలని పంపిన నౌక అది. సుమారు 178 రోజులకోసారి తన కక్ష్యలో ఓ చుట్టు పూర్తిచేస్తూ, ఒక్కో టిక్కూ లెక్కపెడుతూ... ప్రోటాన్లు ఇన్ని, హీలియం ఇంత, అయస్కాంతం ముల్లు ఉత్తరానికా, దక్షిణానికా అని. గాలి మారిందంటే భూమికి ఇక గంటే మిగిలినట్టు.